ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ తీసిన ప్రముఖుల చిత్రాలకు అంత పేరు ఎలా వచ్చింది?

పేరు తెచ్చింది ఒక చుట్ట. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో కెనడా పార్లమెంటులో ప్రసంగించి వచ్చిన బ్రిటన్ ప్రధాని చర్చిల్, ఫొటోకు నిలబడ్డారు గానీ నోట్లో చుట్ట తీయలేదు. కార్ష్ దగ్గరకు వెళ్లి, క్షమించమంటూనే దాన్ని లాగేసి, వెనక్కి వచ్చి షట్టర్ నొక్కారు. చర్చిల్ ముఖంలోని ఆ చిరాకే లోకానికి బ్రిటన్ మొండిధైర్యంగా కనిపించింది!

అదంతా అదృష్టమే అనలేం. 1920ల్లో కెనడా చేరిన ఈ ఆర్మీనియన్ శరణార్థి, ముందు మేనమామ దగ్గర, తర్వాత బోస్టన్‌లో ఫొటోగ్రాఫర్ జాన్ గారో దగ్గర పని నేర్చుకున్నారు. దీపాల వెలుగును మలచడం ఒట్టావా నాటకరంగంలో పట్టుబడింది. పెద్ద సైజు ఫిల్మ్ వాడే ఫొటో కెమెరాతో తీసేవారు. చేతులకు విడిగా లైటు పెట్టేవారు. ఐన్‌స్టీన్ చిత్రంలో నా చూపు ముఖం కంటే ముందు ముడుచుకున్న ఆ వేళ్ల మీదికే పోతుంది.