చూపు తగ్గిందని ఉద్యోగం వదులుకోమంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మావారు ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. 14 ఏళ్ల సర్వీసు ఉంది. గ్లకోమా వల్ల రెండేళ్లుగా చూపు బాగా తగ్గిపోయింది. సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం వైకల్యం అని వచ్చింది. ఫైళ్లు చదవలేకపోతున్నారని, పై అధికారి స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు తానే టైపు చేయించి సంతకం పెట్టమంటున్నారు. ‘చూపు లేనివాడికి సీటెందుకు’ అని సెక్షన్లో అందరి ముందూ అన్నారట. ఇంకో సందేహం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) అని డాక్టరు చెప్పారు. గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూలే, కానీ పదో తరగతికి వచ్చేలోపు టీసీ తీసుకోమంటున్నారు. మాకు చట్టం ఏమైనా అండగా ఉంటుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ఆ కాగితం మీద మీవారిని సంతకం పెట్టనివ్వకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, అది ఆమోదం పొంది అమల్లోకి రాకముందే ‘ఉపసంహరించుకుంటున్నాను’ అని ఈరోజే రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఎందుకింత తొందర అంటే, అధికారి తనంతట తాను మీవారిని తీసేయలేడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 20వ సెక్షన్, 4వ ఉపసెక్షన్ సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు అంటుంది. ఉన్న పోస్టు చేయలేకపోతే అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అలాంటి ఖాళీ లేదా? ఖాళీ వచ్చేదాకా, లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ఆయన కోసమే అదనంగా సృష్టించిన పోస్టులో ఉంచాలి. ఇది కొత్త రక్షణేం కాదు. 1995 నాటి పాత చట్టంలోనూ ఉండేది. కాలు తీసేయాల్సి వచ్చిన ఒక కానిస్టేబుల్‌ను ఇన్‌వాలిడ్ పెన్షన్ (ఇక పనిచేయలేడని తేల్చి ఇచ్చే పెన్షన్) ఇచ్చి ఇంటికి పంపితే, అది చెల్లదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అధికారులకు ఈ సంగతి తెలియదని నేననుకోను. తెలుసు కాబట్టే, దరఖాస్తు మీవారి చేతి నుంచి రావాలని చూస్తున్నారు. తనంతట తానే వెళ్లిపోయాడంటే ఆ సెక్షన్ కింద వాదించడం కష్టమవుతుంది.

ఇక మీవారు చేయాల్సింది. కార్యాలయ అధిపతి పేర ఒక పేజీ అర్జీ రాయండి. వైకల్యం ఏమిటి, ఎప్పటి నుంచి, ఏ పని చేయగలరు, దానికి ఏం కావాలి, ఈ నాలుగూ ఉంటే చాలు. ‘కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టించండి, కాగితం ఫైళ్లు స్కాన్ చేసి ఇవ్వండి’ అన్నట్టు వస్తువు పేరు పెట్టి అడగండి. ‘తగిన సాయం చేయగలరు’ అని రాస్తే అది బీరువాలోకి పోతుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి డబ్బుల్లేవన్న సాకూ నిలవదు. ఆ ఏర్పాట్ల ఖర్చు ఉద్యోగి నెత్తిన వేయకూడదని ఈ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లో స్పష్టంగా ఉంది. సర్టిఫికెట్ నకలు జతచేసి ఇన్‌వార్డులో ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటరు వదలొద్దు.

కదలిక లేకపోతే ఆ కార్యాలయపు గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరుకు, అంటే ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి, ఫిర్యాదు ఇవ్వండి. 23వ సెక్షన్ ప్రకారం నమోదైన రెండు వారాల్లో విచారణ జరపాలి. ఆ తర్వాత జిల్లా స్థాయి కమిటీ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. కమిషనర్ సిఫార్సు చేస్తే, దాని మీద ఏం చేశారో శాఖ మూడు నెలల్లో చెప్పాలి. అయితే అది సిఫార్సే. నిజంగా తొలగింపు ఉత్తర్వు చేతికొస్తే మాత్రం ఆగకుండా హైకోర్టులో రిట్ వేయండి.

నలుగురిలో అన్న మాట సంగతి. దివ్యాంగుణ్ణి అవమానించాలనే ఉద్దేశంతో బహిరంగంగా కించపరిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. కానీ నా సలహా, పోలీస్ స్టేషన్‌తో మొదలుపెట్టకండి. సాక్షులు కూడా ఆ అధికారి కింద పనిచేసేవాళ్లే, రేపు వెనక్కి తగ్గొచ్చు. తేదీ, అన్న మాట, అక్కడున్నవాళ్ల పేర్లు డైరీలో రాసిపెట్టుకోండి. పనికొచ్చే రోజు రావచ్చు.

(ప్రైవేటు ఉద్యోగులకు ఒక మాట: 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే. మీకు వివక్షను నిషేధించే 3వ సెక్షన్, సంస్థ సమాన అవకాశాల విధానం ప్రకటించాలనే 21వ సెక్షన్ ఉన్నాయి. రక్షణ అంత గట్టిది కాదు, కానీ లేకపోలేదు.)

అబ్బాయి విషయంలోనూ అదే ఎత్తు. టీసీ కోసం దరఖాస్తు మీచేత రాయించుకుంటారు. రాయకండి. డిస్లెక్సియా ఈ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉంది. వివక్ష లేకుండా చేర్చుకుని చదువు చెప్పాలనే 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నిటికీ వర్తిస్తుంది, ప్రైవేటుదైనా సరే. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ 17వ సెక్షన్లో పేర్లతో సహా ఉన్నాయి. వైకల్య శాతం 40 దాటలేదని ఎవరైనా అడ్డుపడితే తగ్గకండి. 40 శాతం గీత రిజర్వేషన్ల వంటి వాటికి. చేయి కొంకర్లు పోవడం వల్ల రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, ఆ గీత దాటకపోయినా స్క్రైబ్‌ను ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది.

డాక్టరు చీటీ మాత్రం చాలదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. దానికి నెలలు పట్టొచ్చు, పైగా బోర్డు అనుమతికి దరఖాస్తు హెడ్మాస్టర్ ద్వారానే వెళ్లాలి. పదో తరగతి ఫీజు కట్టే రోజుల్లో పరుగెత్తే బదులు ఈ తొమ్మిదిలోనే మొదలుపెట్టండి. హెడ్మాస్టర్‌కిచ్చే అర్జీ మీదా ముద్ర వేయించుకోండి.