బిడ్డకు కొత్త మెయిల్ ఐడీ వద్దు, పాతదాన్నే సరిచేయండి

పరకాల నుంచి ఒక తండ్రి అడిగారు: "మా బిడ్డ హనుమకొండలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతోంది. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు లింకు క్లాసులో చాలామందికి వచ్చింది, మా బిడ్డకు కనబడలేదు. గడువు దాటిపోయింది. మెయిల్లో ఏవో ఫోల్డర్లు చేసుకుంది, ఏది ఎందులోకి పోతోందో తెలుస్తలేదని ఏడుస్తోంది. నెట్ సెంటర్ పిల్లగాడు కొత్త మెయిల్ ఐడీ తీద్దామంటున్నాడు. తీయించాలా? మళ్లీ ఏదైనా కంప్యూటర్ కోర్సులో చేర్పించాలా?"

రెండూ వద్దండి. కొత్త ఐడీ తీయడం ఐదు నిమిషాల పని. కానీ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ లిస్టులో, ఇప్పటిదాకా దరఖాస్తు చేసిన కంపెనీల దగ్గర ఉన్నది పాత ఐడీయే. గ్రూప్స్ రాయాలని టీజీపీఎస్సీలో ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) చేసుకుని ఉంటే అక్కడ కూడా అదే ఇచ్చి ఉంటుంది. రేపు ఇంటర్వ్యూ పిలుపు పాత ఐడీకే వస్తుంది, అమ్మాయి కొత్తది చూస్తూ కూర్చుంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయిన చోటల్లా ఓటీపీ కూడా పాతదానికే పోతుంది. పిల్లలు ఉద్యోగాల వేటలో ఉన్న ఏడాది మెయిల్ ఐడీ మార్చడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోను.

ఇక పోయిన మెయిల్ సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ మెయిల్ రాకపోవడం కన్నా, వచ్చి ఎక్కడో పడి ఉండటానికే అవకాశం ఎక్కువ. దాన్ని ఫోన్లో వెతకొద్దు. ఫిల్టర్ల (ఏ మెయిల్ ఎక్కడికి పోవాలో మనం ముందే పెట్టుకునే నియమాలు) లాంటి కొన్ని సెట్టింగులు యాప్‌లో ఉండవు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి జీమెయిల్ లోపలికి వెళ్లమనండి. పైన సెర్చ్ డబ్బాకు కుడివైపు చివర ఒక చిన్న గుర్తు ఉంటుంది, అది నొక్కితే పెద్ద పెట్టె తెరుచుకుంటుంది. అందులో కంపెనీ పేరు కొట్టి, కింద 'ఆల్ మెయిల్' అని ఉన్నచోట 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఎంచుకోవాలి. మామూలుగా వెతికితే జీమెయిల్ స్పామ్‌నూ (అనవసరమైనవని అనుమానించి పక్కన పెట్టినవి), ట్రాష్‌నూ (డిలీట్ చేసినవి) చూడదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, "వెతికాను సార్, లేదు" అంటారు. ఈ పని ఇవాళే చేయించండి, ఎందుకంటే స్పామ్‌లో, ట్రాష్‌లో పడినవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి. ఆ తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

అక్కడ దొరికితే ఎందుకు అక్కడికి పోయిందో చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో మెయిల్ మీద వేలితో పక్కకు జరిపితే, సెట్టింగ్ మార్చకపోతే, అది ఆర్కైవ్ అవుతుంది, అంటే ఇన్‌బాక్స్ నుంచి పక్కకు పోతుంది. బస్సులో నిలబడి ఇన్‌బాక్స్‌లో మెయిళ్లను పక్కకు జరుపుకుంటూ పోతే ఇంతే. మెయిల్ చెరిగిపోదు, ఇన్‌బాక్స్‌లో కనిపించదు, అంతే. ఎడమవైపు 'మోర్' నొక్కితే కింద 'ఆల్ మెయిల్' ఉంటుంది, అందులో భద్రంగా ఉంటుంది. దాన్ని తెరిచి 'మూవ్ టు ఇన్‌బాక్స్' కొడితే చాలు. ఫోన్లో జీమెయిల్ యాప్ సెట్టింగుల్లో ఆ జరిపే పనిని మొత్తంగా ఆపేయమని చెప్పండి.

మీ అమ్మాయి విషయంలో నా అనుమానం మాత్రం ఫిల్టర్ మీద. ఫోల్డర్లు చేసుకుందన్నారు కదా. జీమెయిల్లో ఫోల్డర్‌లా కనిపించేది నిజానికి లేబుల్. ఒకే మెయిల్‌కు రెండు మూడు లేబుళ్లు ఉండొచ్చు, ఇన్‌బాక్స్ కూడా అలాంటి లేబులే. 'ప్లేస్‌మెంట్' అని ఒక లేబుల్ చేసి, కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ నుంచి వచ్చేవన్నీ అందులోకి పోవాలని ఫిల్టర్ పెడుతూ 'స్కిప్ ద ఇన్‌బాక్స్' అనే గడిలో టిక్ పెట్టిందనుకోండి. ఇక ఆ సెల్ నుంచి వచ్చే ప్రతి మెయిల్ ఇన్‌బాక్స్‌ను తాకకుండా నేరుగా లోపలికి పోతుంది. లేబుళ్లకు నోటిఫికేషన్ విడిగా పెట్టుకుంటే తప్ప ఫోన్ మోగదు. కంపెనీ లింకును ప్లేస్‌మెంట్ సెల్ ఫార్వర్డ్ చేసి ఉంటే అది ఆ లేబుల్ కింద చదవని మెయిల్‌గా ఇంకా ఉండి ఉండాలి. సెట్టింగ్స్‌లో 'సీ ఆల్ సెట్టింగ్స్' లోకి వెళ్లి 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్' తెరిస్తే తను పెట్టుకున్నవన్నీ వరసగా కనిపిస్తాయి. 'స్కిప్ ద ఇన్‌బాక్స్', 'డిలీట్ ఇట్' ఉన్న ప్రతిదాన్నీ ఎడిట్ చేసి ఆ టిక్ తీసేయాలి, లేబుల్ ఉండనివ్వొచ్చు. ప్లేస్‌మెంట్ సెల్ అడ్రసుకు 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' టిక్ పెట్టాలి.

ఇంకో మాట. లేబుల్‌ను తీసేస్తే లోపలి మెయిళ్లు పోవు, కానీ లేబుల్లోకి వెళ్లి మెయిల్‌ను డిలీట్ చేస్తే అది అన్ని చోట్ల నుంచీ ట్రాష్‌లో పడుతుంది. "ఇక్కడ కాపీ ఉంది, అక్కడ తీసేద్దాం" అనుకుని పిల్లలు సర్టిఫికెట్లు పోగొట్టుకునేది ఇలాగే. పదిహేను లేబుళ్లు అక్కర్లేదు. దరఖాస్తులు, పరీక్షలు, సర్టిఫికెట్లు, ఈ మూడు చాలు. మిగతాది సెర్చ్ చూసుకుంటుంది.

ఎక్కడ వెతికినా దొరకకపోతే స్టోరేజ్ చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిసే ఉంటాయి. ఫోన్లో ఫొటో బ్యాకప్ ఆన్ చేసి ఉంటే బతుకమ్మ వీడియోలూ, పెళ్లి వీడియోలూ కలిసి అది నిండిపోవచ్చు. నిండితే కొత్త మెయిళ్లు లోపలికే రావు, పంపినవాళ్లకు తిరిగి పోతాయి. పెద్ద వీడియోలు తీసి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

నెట్ సెంటర్లో ఎప్పుడైనా లాగిన్ అయి ఉంటే, 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్' పేజీ కూడా చూడాలి. తెలియని అడ్రసుకు ఫార్వర్డ్ పెట్టి ఉన్నా, పాప్ (మెయిళ్లను వేరే ప్రోగ్రామ్‌లోకి దించుకునే పద్ధతి) ద్వారా తీసుకున్నాక జీమెయిల్ కాపీ డిలీట్ చేయమని ఉన్నా వెంటనే ఆపాలి. ఆ పిల్లగాడిని తప్పు పట్టమని కాదు, నలుగురు వాడే కంప్యూటర్ కాబట్టి చెబుతున్నాను. పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ కూడా అడిగేది) పెట్టించండి.

కోర్సు మాటకొస్తే, దీనికి డబ్బు కట్టొద్దు. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాక మన పిల్లలకు ఊరి దగ్గరే ఉద్యోగం అనే ఆశ పుట్టింది. ఇలాంటి ఆఫీసుల్లో బ్యాక్ ఆఫీస్ పనిలో చేరినవాళ్లకు సగం పని మెయిల్లోనే ఉంటుంది, అదీ చాలాచోట్ల మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో. అక్కడా తిప్పలు ఇవే. ఫిల్టర్‌ను రూల్ అంటారు, ఇన్‌బాక్స్ ఫోకస్డ్, అదర్ అని రెండుగా చీలి ఉంటుంది, మౌస్ జారి ఒక ఫోల్డర్ ఇంకో ఫోల్డర్ లోపలికి పోతుంది. ఇప్పుడు తన జీమెయిల్‌ను తనే బాగుచేసుకుంటే అక్కడ భయం ఉండదు. దగ్గర కూర్చుని ధైర్యం చెప్పండి, మౌస్ మాత్రం అమ్మాయి చేతిలోనే ఉండనివ్వండి.

పోయిన టెస్టు విషయం ఇంకా వదిలేయొద్దు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు, కాపీ కంపెనీ హెచ్ఆర్‌కు, ఇవాళే మెయిల్ రాయమనండి. పేరు, హాల్‌టికెట్ నంబర్, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ, లింకు ఏ తేదీన ఏ లేబుల్లో దొరికింది, మరో అవకాశం ఉంటే ఇవ్వగలరా, ఇంతే, ఐదారు వాక్యాలు. నెట్‌వర్క్ లేదు, కరెంటు పోయింది అని అబద్ధం రాయొద్దు. మెయిల్ ఎప్పుడు అందిందో వాళ్ల దగ్గర లెక్క ఉండొచ్చు. అవకాశం ఇస్తారని నేను మాట ఇవ్వలేను, కానీ అడిగినవాళ్లకే ఇస్తారు.

స్పామ్ వెతికేటప్పుడు అమ్మాయి పక్కన మీరు కూడా ఉండండి. అందులో దొంగ ఆఫర్ లెటర్లు కూడా ఉంటాయి. సెలెక్ట్ అయ్యారు, లాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టండి అని ఏదైనా కనిపిస్తే లింకు నొక్కొద్దు, రూపాయి పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.