నాడి చూడకుండా అంకె వేయొద్దు

చిన్నీ,

బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. తనే ఏదో తప్పు చేసినట్టుంది వాడి గొంతు. "వద్దంటే వినలేదక్కా, అచ్చం నీ పోలికే" అన్నాడు. నేను జీఎన్‌ఎంలో, అంటే నర్సింగ్ డిప్లొమాలో చేరినప్పుడు మా నాన్నని ఊళ్లోవాళ్లు అన్న మాటలు వాడికింకా గుర్తున్నట్టున్నాయి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నా. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటే టెన్షన్. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని ఇలా రాస్తున్నా.

అనాటమీ, ఫిజియాలజీ నీకు కష్టం కాదు, బైపీసీ చదివినదానివి. గోళ్లు కత్తిరించుకో. గాజులు, ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లు. డ్యూటీకి ముందు తినకపోతే ఆపరేషన్ థియేటర్లో కళ్లు తిరిగి పడేది నువ్వే. ఇవి మళ్లీ చెప్పను.

చేతులు కడుక్కోవడం గురించి కూడా ఎక్కువ చెప్పను. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ప్రతి పేషెంటుని ముట్టుకునే ముందూ తర్వాతా. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని కనిపెట్టి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట వినలేదు. ఇప్పటికీ రౌండ్స్‌లో మంచం మంచానికీ చేతులు కడగని పెద్దవాళ్లు ఉంటారు. నువ్వు నోటితో ఏం చెప్పకు, శానిటైజర్ సీసా పట్టుకుని పక్కనే నిలబడు. నేనలాగే చేసేదాన్ని. కోపంగా చూసేవాళ్లు, కానీ రాసుకునేవాళ్లు.

ఆపరేషన్లు ఎలా నేర్చుకోవాలి అని అడుగుతావుగా. పేర్లూ, పనిముట్లూ పరీక్ష కోసం ఎలాగూ బట్టీ పడతావు. దాంతోపాటు ప్రతి ఆపరేషన్‌కీ ఒక ప్రశ్న వేసుకో: మొదటి రాత్రి ఈమెకి ఏది చెడొచ్చు? థైరాయిడ్ తీసినవాళ్లకి మెడ లోపల రక్తం చేరి గొంతుగొట్టాన్ని నొక్కేయొచ్చు. అందుకే కుట్లు విప్పే ట్రే మంచం పక్కనే ఉండాలి, బీరువాలో కాదు. వేళ్లూ పెదాలూ తిమ్మిరి అంటే కాల్షియం పడిపోతోందేమో అని అనుమానించాలి. సిజేరియన్ అయితే పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిగా ఉందా, మెత్తగా ఉందా చూడాలి, ప్యాడ్లు ఎన్ని తడిశాయో లెక్క ఉండాలి. వెన్నుకి మత్తిచ్చిన మనిషి ఎన్ని గంటలైనా మూత్రం పోయలేదంటే పొత్తికడుపు నొక్కి చూడాలి. ఇలా చదివితే ప్రతి ఆపరేషనూ నీకు ఒక మనిషి మొహంతో గుర్తుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిద్ర పట్టనివ్వనిది ఇదే.

మేం రెండో సంవత్సరంలో ఉండగా ఒక పెద్దాసుపత్రి ఆడవాళ్ల సర్జికల్ వార్డులో నైట్ డ్యూటీలు వేశారు. వార్డు మొత్తానికి ఒక్క స్టాఫ్ నర్సు, ఇద్దరు స్టూడెంట్లు. ఆ రోజు మధ్యాహ్నం ఒకామెకి గర్భసంచి తీశారు. వయసు ముప్ఫై ఐదు కూడా ఉండదు. (ఈ ఆపరేషన్ దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. అందులో ఎన్ని నిజంగా అవసరమైనవో అని నాకు ఎప్పుడూ కోపమే. అది ఇంకో ఉత్తరం.) ఆమెని చూసుకోవాల్సింది నా బ్యాచ్‌మేట్. నేను అవతలి వరసలో ఉన్నా.

అర్ధరాత్రి దాటాక ఆమె తల్లి వచ్చి, "అమ్మాయి ఒకచోట ఉండట్లేదు, దాహం దాహం అంటోంది" అంది. నా బ్యాచ్‌మేట్ డ్రెస్సింగ్ చూసింది, పొడిగా ఉంది. బీపీ చూసింది, 110/70. "మత్తు దిగుతోంది పెద్దమ్మా, అలాగే ఉంటుంది" అని పంపేసింది. కాసేపటికి ఆ తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి నా బ్యాచ్‌మేట్ కొంచెం విసుక్కుంది కూడా. తర్వాత టేబుల్ దగ్గర కూర్చుని, తెల్లారితే పని ఎక్కువుంటుందని, చార్టులో మిగతా గంటల గడులు కూడా చూడకుండానే నింపేసింది. పల్స్ 82. 80. 82.

నాలుగింటికి స్టాఫ్ నర్సు మంచాల మధ్య నడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటతో జారిపోతోంది. నాడి 130 పైనే, దారంలా ఉంది. దుప్పటి తీస్తే నడుము కింద పరుపంతా రక్తం. పొట్ట మీది డ్రెస్సింగ్ మాత్రం అప్పటికీ తెల్లగానే ఉంది. పరుగున థియేటర్‌కి తీసుకెళ్లి మళ్లీ తెరిచారు. రక్తనాళానికి వేసిన ముడి జారిపోయింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించాక బతికింది. ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతిని చాలా వారాలు అదే ఆసుపత్రిలో ఉండిపోయింది.

పొద్దున్న హెడ్ నర్స్ చార్టు తెచ్చి మా ముందు పెట్టారు. 5 గంటలకి పల్స్ 82 అని ఉంది. ఆ సమయానికి ఆమె థియేటర్ బల్ల మీద ఉంది.

ఆ అమ్మాయి చెడ్డది కాదే. మాలో బాగా చదివేది తనే. అంతమంది పేషెంట్లని ముగ్గురి మీద వదిలేసినవాళ్ల తప్పు ఎవరి చార్టులోనూ ఎక్కలేదు, అదీ నాకు తెలుసు. కానీ ఆ గడి ఖాళీగా ఉండి ఉంటే ఎవరో ఒకరు "ఎందుకు చూడలేదు" అని అడిగేవాళ్లు. నింపేసిన గడి ఎవర్నీ లేపదు. చూడలేకపోతే ఖాళీగా వదిలెయ్. తిట్లు తిను. తిట్లకి ఎవరూ చావరు.

ఇంకోటి జాగ్రత్తగా గుర్తుపెట్టుకో. రక్తం పోతుంటే ముందు పెరిగేది నాడి. వయసులో ఉన్నవాళ్ల ఒళ్లు రక్తనాళాల్ని బిగించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది, పడిపోయేసరికి ఆలస్యం అయిపోతుంది. అందుకే బీపీ బాగుందని నిశ్చింతగా కూర్చోకు. స్థిమితం లేకపోవడం, దాహం, ఊపిరి వేగం, చల్లటి చేతులు, మూత్రం తగ్గడం, ఇవన్నీ దానికంటే ముందొస్తాయి. 60 కిలోల మనిషికి గంటకి 30 మి.లీ. కన్నా తక్కువ మూత్రం వస్తుంటే డాక్టర్‌ని లేపు. ఆపరేషన్ అయిన మొదటి గంట ప్రతి 15 నిమిషాలకీ చూడాలి, తర్వాత అరగంటకి, ఆ తర్వాత గంటకి. డ్రెస్సింగ్ పైనుంచి చూస్తే చాలదు, నడుము కింద చెయ్యి పెట్టి చూడాలి. మీకు మానిటర్లున్నాయి, వేలికి క్లిప్ పెడితే అంకె వస్తుంది. అయినా మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టు. చెయ్యి చల్లగా ఉందని మిషన్ చెప్పదు.

పేషెంట్ తాలూకు మనిషి రెండోసారి వచ్చి అదే మాట చెబితే లేచి వెళ్లు. మూడోసారి దాకా రానివ్వకు.

మందుల దగ్గర నాకు రెండు భయాలు. మొదటిది పేర్లు. ప్రతి వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. "మీరు లక్ష్మేనా?" అంటే మత్తులో ఉన్నవాళ్లూ, చెవులు వినపడనివాళ్లూ అందరూ ఊఁ అంటారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగి కేస్ షీట్‌తో పోల్చుకో. రెండోది ఇన్సులిన్. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల సీసాలూ 100 యూనిట్ల సీసాలూ రెండూ దొరుకుతాయి, సిరంజీలు వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 సీసాలోంచి 40 సిరంజీతో తీస్తే రెండున్నర రెట్లు మందు వెళ్తుంది. పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి ఎవరు ఇవ్వమన్నా ఇవ్వకు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే ఎక్కించాలి.

థియేటర్లో మాప్‌ల (లోపల రక్తం అద్దే గుడ్డల) లెక్క మొదలుపెట్టే ముందొకసారి, పొట్ట మూసే ముందొకసారి, చర్మం కుట్టేటప్పుడొకసారి. తేడా వస్తే సర్జన్ ఎంత తొందరలో ఉన్నా గట్టిగా చెప్పు. గొంతు వణికినా పర్వాలేదు, వినపడాలి. ఆపరేషన్ ముందు ఏమీ తినలేదు కదా అని అడిగితే అందరూ లేదంటారు. "పొద్దున్న కాఫీ తాగారా?" అని విడిగా అడుగు. మనవాళ్ల లెక్కలో కాఫీ తినడం కిందకి రాదు. పాలు కలిసిన కాఫీకి ఆరు గంటలు ఆగాల్సిందే.

మీ నాన్న నైట్ డ్యూటీల గురించి, బస్సుల గురించి బెంగ పెట్టుకున్నాడు. నాకు సూదుల బెంగ. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు, కట్టర్లో కోసి డబ్బాలో వెయ్. గుచ్చుకుంటే పిండకు, సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పు. తిడతారని దాచుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. హెచ్‌ఐవీ మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. సిగ్గుపడుతూ కూర్చునే టైమ్ అది కాదు తల్లీ.

సెకన్ల ముల్లు ఉన్న గడియారం నేను కొంటాను, మణికట్టుకి కాదు, జేబుకి పిన్ పెట్టుకునేది. బీపీ మిషన్ కొనకు, నాది ఇంకా బాగానే పనిచేస్తోంది, స్టెతస్కోప్‌కి ట్యూబ్ మార్పించి ఇస్తా. ముందు హెపటైటిస్ బి టీకా సంగతి చూడు. చిన్నప్పుడు వేయించామని మీ అమ్మ అంటోంది, కార్డు ఉందో లేదో వెతకమను. లేకపోతే ఈ వారమే మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది, అదయ్యాక నెలా రెండు నెలల్లో రక్తపరీక్ష. వేయించుకున్న రోజు నాకు ఫోన్ చెయ్, మీ నాన్న చేత చెప్పించకు.

మీ అత్త