జడ్జి పరీక్షకు ముందు ఆ మూడేళ్లు ఎక్కడ గడపాలి?

ప్రశ్న: మాది ఆచంట దగ్గర పల్లెటూరు. రెండెకరాలు సొంతం, ఐదెకరాలు కౌలు. మా అమ్మాయి విశాఖపట్నంలో ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉంది. చదువవగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు హైదరాబాద్‌లో కోచింగ్ ఇప్పిద్దామని లక్షా ఎనభై వేలు దాచాను. ఇప్పుడేమో మూడేళ్లు ప్రాక్టీసు చేస్తేగానీ రాయనివ్వరంటున్నారు. ఆ మూడేళ్లూ కంపెనీలో లీగల్ ఉద్యోగం చేయించమని మా బావమరిది సలహా. బార్ కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకోవడానికే ముప్పై వేలవుతుందని ఇంకొకరన్నారు. పిల్ల డీలా పడిపోయింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: నమస్కారమండి. మీరు విన్నది నిజమే. 2025 మే 20న సుప్రీంకోర్టు, ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని తీర్పు చెప్పింది. అప్పటికే మొదలైన నియామకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఇదేమీ కొత్త నిబంధన కాదు. 1993 తీర్పుతో వచ్చింది, జడ్జీల సర్వీసు పరిస్థితులు పరిశీలించిన శెట్టి కమిషన్ సిఫారసు మీద 2002లో తీసేశారు, ఇప్పుడు మళ్లీ తెచ్చారు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నుంచే మనిషి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి, పరువు జడ్జి చేతిలో ఉంటాయి. కోర్టులో గడిపి నేర్చుకున్నదానికి పుస్తకాలూ శిక్షణా సాటిరావని హైకోర్టుల అనుభవం చెబుతోందన్నది ఆ తీర్పులోని మాట. మీ అమ్మాయికి బాధ కలగడం సహజం. అయినా ఆ కారణం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

ముందు బావమరిది గారి సలహా సంగతి చూద్దాం. అది పనికిరాదండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేయకూడదు. కంపెనీలో చేరితే సనదు, అంటే న్యాయవాదిగా ప్రాక్టీసు చేసే అనుమతి, పక్కన పెట్టాలి. అంటే ఆ మూడేళ్లూ ఆమెకు లెక్కలోకి రావు. ఎవరైనా న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా చేస్తే ఆ కాలాన్ని ప్రాక్టీసుగా లెక్కిస్తారని అదే తీర్పులో ఉంది. అవకాశం వస్తే వదలొద్దు.

ముప్పై వేల మాటా పాతదే. 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయవాదిగా పేరు నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలకు మించకూడదని తేల్చింది. అందులో 600 రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు మొత్తం 125. ఆప్షనల్ అని పేరు పెట్టి అదనంగా తీసుకోవడం కూడా కుదరదని 2025 ఆగస్టులో మళ్లీ చెప్పింది. స్టాంపు ఖర్చు, తర్వాత రాసే ఆలిండియా బార్ పరీక్ష ఫీజు వేరు.

తొందరపడాల్సిన పని ఒకటుంది. మూడేళ్ల లెక్క బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు, తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచే మొదలవుతుంది. ఫలితాలొచ్చాక బంధువుల పెళ్లనీ, పంట కోతలనీ, ఆషాఢమనీ నెలలు గడిపేస్తే ఆ నెలలన్నీ చివర్లో కలుస్తాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టించండి.

ఇక మూడేళ్లూ ఎక్కడ? నా మాట సూటిగా చెబుతాను: హైదరాబాద్ వద్దు, మీ చుట్టుపక్కల కోర్టే మేలు. పాలకొల్లు, నరసాపురం, తణుకు, భీమవరం, వీటిలో ఏదైనా సరే. రేపు ఆమె జడ్జిగా వినబోయే దావాలు ఇక్కడే నడుస్తున్నాయి. పార్టిషన్ దావానే, అంటే ఆస్తి పంపకాల కేసునే తీసుకోండి. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్ర సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9న, కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు ఇస్తూ కేంద్ర సవరణ వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా వద్దా అని ఏళ్ల తరబడి కోర్టులు తలో దారి పట్టాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదనీ, తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఇదంతా తరగతిలో ఒక గంట పాఠం. నరసాపురం కోర్టు వరండాలో ఒక ఆడపడుచు చేతిలో ముప్పై ఏళ్లనాటి ఖరారునామా పట్టుకుని నిలబడితే, అది రిజిస్టరైందా, తెల్లకాగితమా, అన్నదమ్ములు దాన్ని నిజంగా అమలు చేశారా అని ఒక్కొక్కటీ రాబట్టుకోవాల్సి వస్తుంది. ఆ తీర్పు ఆమెకు అప్పుడే ఒంటబడుతుంది.

చెరువుల వ్యాజ్యాలూ అంతే. తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన జగన్నాథ్ తీర్పు, దాని తర్వాత 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెలియకుండా భీమవరం చుట్టుపక్కల ప్రాక్టీసు సాగదు. పక్క చెరువు ఉప్పునీరు వరిచేలోకి ఊరిందని దాన్ని ఆపించమని ఇంజంక్షన్ దావా వేస్తారు, కోర్టు పంపే అడ్వొకేట్ కమిషనర్ వచ్చి గట్టు మీద నిలబడి కొలతలు తీస్తాడు. ఒక్కసారైనా ఆయన వెంట వెళ్లి రమ్మనండి. మేత బాకీకి ఇచ్చిన చెక్కు తిరిగొస్తే ముప్పై రోజుల్లో నోటీసు, అందిన తర్వాత పదిహేను రోజులు గడువు, ఆ పైన నెలలోపు ఫిర్యాదు. ఈ రోజుల లెక్క తప్పి కేసు పోయిన మనిషి ముఖం చూస్తే జన్మలో మర్చిపోదు. కౌలు సంగతి మీకు చెప్పేపని లేదు. 1956 కౌలు చట్టం, 2019 పంట సాగుదారు హక్కుల చట్టం రెండూ మీ ఇంట్లో కాగితాలతోనే చదవొచ్చు.

క్రిమినల్ వైపు ఇప్పటి పిల్లలు రెండు చట్టాలూ నేర్వక తప్పదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ, తర్వాతి వాటికి భారతీయ న్యాయ సంహిత. హత్య సెక్షన్ 302 కాస్తా 103 అయింది, మోసం సెక్షన్ 420 ఇప్పుడు 318(4). మరో తీర్పు ఆమెతో తప్పకుండా చదివించండి. 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో, అరెస్టుకు కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలో చాలామందికి ఆ భాష తెలుగే. చట్టాన్ని స్వచ్ఛమైన, సులువైన తెలుగులో రాయగల జూనియర్‌కు కోర్టులో విలువ పెరుగుతుంది. సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు ఆ కోర్టు తీర్పులుంచే ఈఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికో తీర్పు చదివి, ఏం జరిగింది, ప్రశ్న ఏమిటి, ఏం తేల్చారు, ఎందుకు, ఈ నాలుగూ ఒక పేజీలో రాసుకోమనండి. కోచింగ్ నోట్సు కన్నా ఇదే గట్టిది.

సీనియర్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. చేరే ముందు వారం రోజులు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూడమనండి. జూనియర్ల చేత వాయిదాలు మాత్రమే అడిగించేవారు ఎవరు, దావా పత్రం (ప్లెయింటు) రాయించి దిద్దేవారు ఎవరు, చిన్న సాక్షినైనా విచారించనిచ్చేవారు ఎవరు అన్నది వారంలో తెలిసిపోతుంది. సివిల్ ట్రయల్ బాగా నడిపేవారి దగ్గర చేర్చండి. ఆ సీనియర్‌కు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. చివర్లో ప్రాక్టీసు సర్టిఫికెట్ ఇచ్చే న్యాయవాదికి అంత అనుభవం ఉండాలి, దాని మీద అక్కడి ప్రధాన న్యాయాధికారి సంతకం పడాలి. లేదా ఆ న్యాయాధికారే నేరుగా ఇవ్వాలి. అందుకని కక్షిదారు లాయరుకు ఇచ్చే అధికారపత్రమైన వకాలత్‌నామాలో సీనియర్‌తో పాటు తన పేరూ ఉండేలా చూసుకోవాలి. ఏ రోజు ఏ కేసులో ఏం చేసిందో డైరీలో రాసుకోవాలి.

డబ్బు దగ్గర కష్టం ఉంది, దాచను. జూనియర్లకు పల్లె ప్రాంతాల్లో నెలకు 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది. అది సిఫారసే, చిన్న ఊళ్లలో మొదటి ఏడాది బస్సు చార్జీలు గిట్టుబాటైతే గొప్ప. మీరు దాచిన లక్షా ఎనభై వేలు కోచింగ్‌కు కట్టకండి. ముప్పై ఆరు నెలలకు పంచితే నెలకు ఐదు వేలు. ఇంట్లోంచి వెళ్లొస్తుంది కాబట్టి అది సరిపోతుంది, ఆమె మిమ్మల్ని చేయి చాచి అడగక్కర్లేదు. పరీక్షకు తయారీ మూడో ఏడు సాయంత్రాల్లో మొదలుపెట్టొచ్చు.

ఇంకొక్క సంగతి పిల్లకు చెప్పండి. 2025 అక్టోబరు 9న రాజ్యాంగ ధర్మాసనం రెజనీష్ కేసులో, న్యాయవాదిగానూ న్యాయాధికారిగానూ కలిపి ఏడేళ్లు నిండి, 35 ఏళ్ల వయసున్న న్యాయాధికారులు జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా పోటీ పడొచ్చని చెప్పింది. పాలకొల్లులోనో నరసాపురంలోనో గడిపే ఆ మూడేళ్లూ ఆ ఏడింటిలో కలుస్తాయి. పరీక్షలయ్యాక ఆమెను తీసుకుని ఒక పనిదినాన ఉదయం పదిన్నరకు కోర్టుకు వెళ్లి రండి. మీ కౌలు గొడవ ఏదైనా నడుస్తుంటే ఆ ప్లీడరు గారి దగ్గరే మొదట అడగండి.