ఎనిమిదో నెలలో నిద్ర పట్టడం లేదు, మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. రెండు వారాలుగా రాత్రిళ్లు నిద్ర లేదు. అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. దద్దుర్లు మాత్రం లేవు. వేడి చేసిందని అత్తయ్య సబ్జా నీళ్లు ఇస్తున్నారు. ఆమె వాడే అల్‌ప్రాజోలం 0.25 మాత్రను సగం చొప్పున మూడు రాత్రులు వేసుకున్నాను. కొనసాగించవచ్చా? ఎడమ వైపే పడుకోవాలా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు నిద్ర గురించి అడిగారు గానీ, నాకు ఆందోళన కలిగిస్తున్నది మీరు మాటవరసకు చెప్పిన దురద. నెలలు నిండేకొద్దీ పొట్ట బరువు వల్ల, గుండెల్లో మంట వల్ల, మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి రావడం వల్ల నిద్ర చెడటం మామూలే. దద్దుర్లేవీ లేకుండా అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై రాత్రిపూట ఎక్కువయ్యే దురదను మాత్రం వేడి అని సరిపెట్టుకోకూడదు. కాలేయంలో తయారైన పైత్యరసం సాఫీగా పేగుల్లోకి దిగక, అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకునే సమస్య కొందరు గర్భిణులకు చివరి నెలల్లో వస్తుంది. దీన్ని ఆబ్‌స్టెట్రిక్ కొలెస్టాసిస్ అంటాం. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. కాదని తేలేదాకా అనుమానించక తప్పదు.

ఈ రోజో రేపో మీ గైనకాలజిస్టును కలిసి, సీరం బైల్ యాసిడ్స్ (రక్తంలోని పైత్యరస ఆమ్లాలు), లివర్ ఫంక్షన్ (కాలేయ పనితీరు) పరీక్షల గురించి అడగండి. రిపోర్టులు మామూలుగా వచ్చినా, దురద తగ్గకపోతే ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించాలి, ఎందుకంటే కొందరిలో దురద ముందు వచ్చి, రక్తంలో తేడా తర్వాత కనిపిస్తుంది. బైల్ యాసిడ్స్ లీటరుకు 100 మైక్రోమోల్స్‌కు చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది కనుక, కాన్పు ఎప్పుడు చేయాలన్నది ఆ అంకెను చూసుకునే నిర్ణయిస్తారు. అంత స్థాయికి వెళ్లేవారు తక్కువే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, వాంతులు ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దయచేసి ఆకు పసరు కోసం తిరుగుతూ రోజులు పోగొట్టుకోవద్దు.

ఇక మాత్ర సంగతి. అది మీ అత్తయ్యగారి వయసు, ఆమె ఇబ్బంది చూసి ఆమెకు రాసిన మందు. కడుపులో బిడ్డను పెట్టుకుని, అడగకుండా మూడు రాత్రులు ఎలా వేసుకున్నారమ్మా? అల్‌ప్రాజోలం షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు, అంటే చీటీ లేనిదే దుకాణంలో ఇవ్వకూడదు, అమ్మినది రిజిస్టరులో రాయాలి. చివరి నెలల్లో దీన్ని వరుసగా వాడితే పుట్టిన బిడ్డ మత్తుగా ఉండి సరిగా పాలు తాగకపోవచ్చు, శ్వాసలోనూ ఇబ్బంది రావచ్చు. మూడు రాత్రుల సగం మాత్రకు కంగారు పడనవసరం లేదు. ఇక వేసుకోకండి, వేసుకున్న సంగతి మీ డాక్టరుకు దాచకండి. (వారాల తరబడి వాడుతున్నవారు మాత్రం ఉన్నపళంగా మానకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.) అన్నిటికంటే నా భయం మరొకటి: మత్తులో దురద తెలియక, చేయించాల్సిన పరీక్ష వెనకబడుతుంది. దురదకని అలర్జీ మాత్రలు కూడా సొంతంగా కొనవద్దు.

పడుకోవడానికి ఎడమ వైపైనా, కుడి వైపైనా మంచిదే. ఏడో నెల నుంచి వెల్లకిలా నిద్రకు ఉపక్రమించకుండా ఉంటే చాలు. మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే పక్కకు తిరిగి పడుకోండి.

బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గినట్టు అనిపిస్తే, అర్ధరాత్రైనా సరే, తెల్లవారేదాకా ఆగకుండా కాన్పుల ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లి చూపించండి.