మొదటిసారి హోలీ ఆడబోతున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న ఫోన్లో "అత్తా, అపార్ట్‌మెంట్ వాళ్ళు హోలీకి కిందకి రమ్మంటున్నారు, నాకేమో ఏమీ తెలీదు, టెన్షన్‌గా ఉంది" అంటే నవ్వొచ్చింది. మన కృష్ణా జిల్లా ఊళ్ళో నా చిన్నప్పుడు హోలీ ఎక్కడ చూశాం? నేనూ పెళ్ళయి నిజామాబాద్ వచ్చాకే చూశా. ఆ మొదటి ఏడు సంగతి తెలీక కొత్త గద్వాల చీర కట్టుకుని వాకిట్లోకి వస్తే మరుదులు ముగ్గురూ కలిసి బిందెడు రంగునీళ్ళు గుమ్మరించారు. తలుపేసుకుని ఏడ్చా. మధ్యాహ్నం మా అత్తగారు గిన్నెలో మోదుగపూల రంగు తెచ్చి, "పెట్టనా?" అని అడిగి, వేలితో బుగ్గ మీద చిన్న బొట్టు పెట్టింది. నాకు హోలీ అప్పుడు మొదలైంది.

ఇక్కడ ఊళ్ళలో దీన్ని కాముని పున్నమి అంటారు. ఫాల్గుణ పున్నమికి చాలా ముందు నుంచే పిల్లలు కోలలు కొట్టుకుంటూ జాజిరి పాటలు పాడి ఇల్లిల్లూ తిరుగుతారు, వాళ్ళకి చిల్లరో బియ్యమో పెట్టాలి. తర్వాత కట్టెలు, పిడకలు పోగేసి రాత్రికి కాముణ్ణి కాలుస్తారు. శివుడు మూడో కన్ను తెరిచి మన్మథుణ్ణి బూడిద చేసిన కథ అది. ఉత్తరాది వాళ్ళైతే ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో పెట్టుకుని మంటలో కూర్చుని తనే కాలిపోయిన హోలిక కథ చెబుతారు. మీ పక్కింటి మార్వాడీలతో ఏది అసలు కథ అని వాదనకి దిగకు. నాకు మాత్రం కాముడి కథే ఇష్టం, ఎందుకంటే రాత్రి కాముణ్ణి తగలబెట్టొచ్చి పొద్దున్నే ఆడపిల్లల మీద చేతులేసేవాణ్ణి చూస్తే, ఒరేయ్, నువ్వు కాల్చింది ఏంట్రా అని అడగాలనిపిస్తుంది.

అందుకే ముందు అడుగు. నోటితో అడగక్కర్లేదు, రంగు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగితే చాలు, వాళ్ళు బుగ్గ చూపిస్తారు లేదా వెనక్కి జరుగుతారు. జరిగితే వదిలెయ్. పెద్దవాళ్ళకి నుదుటన బొట్టులా పెట్టి కాళ్ళకి దండం పెట్టు, తల మీద పొయ్యకు. ఆఫీసు అమ్మాయిలైతే వాళ్ళంతట వాళ్ళు నీకు పూశాకే నువ్వు పూయి, అదీ నుదుటనో చెంప మీదో, అంతే. "బురా న మానో, హోలీ హై" అని అరుస్తుంటారు చూడు, కోపం తెచ్చుకోకండి అని బతిమాలుకోవడం అది, లైసెన్సు కాదు. డ్యూటీకి వెళ్ళే వాచ్‌మన్, పరీక్షకి వెళ్ళే పిల్లలు, వీధి కుక్కలు, వీళ్ళ జోలికి అసలు వెళ్ళొద్దు.

నీ సంగతి: ముందే ఒళ్ళంతా, జుట్టుకీ కొబ్బరినూనె బాగా పట్టించు, కాంటాక్ట్ లెన్సులు తీసెయ్, పాత చొక్కా వేసుకో. వెండిరంగు పెయింటు తెచ్చేవాడికి దూరంగా ఉండు, మా పెద్దాడి కన్ను వారం రోజులు ఎర్రగా ఉంది దాంతో. ఎవరైనా ఠండాయి (మసాలా పాలు) ఇస్తే భంగు, అదే మత్తెక్కించే గంజాయి ఆకు ముద్ద, కలిపారా అని అడిగి తాగు, మొహమాటపడకు. గుజియా, అంటే మన కజ్జికాయల్లాంటివే, అవి మాత్రం ఎన్నైనా తిను. మధ్యాహ్నానికి ఆట ముగించి స్నానం చెయ్యి, అదీ ఇంట్లోనే. రంగు కడుక్కోడానికని చెరువుల్లోకి, గోదావరిలోకి దిగి మునిగి చనిపోయిన పిల్లల వార్త లేని హోలీ నాకు గుర్తులేదు.

రంగులు కొనకు. ఈ నెలలో మా వైపు మోదుగ చెట్లకి ఆకు కనపడదు, అంతా పువ్వే. ఎండబెట్టి సంచీడు ఆర్టీసీ కార్గోలో పంపుతున్నా. ముందు రోజు రాత్రి వేడినీళ్ళలో నానేసి, చిటికెడు సున్నం వేసి, పొద్దున వడగట్టు. నీ తెల్ల చొక్కా మీద పడితే పోదు, తర్వాత నాకు ఫోన్ చేసి తిట్టకు.

మీ అత్త