ఫైలును కాదు, మనిషిని చూసి రాయాల్సిన ప్లాను

చిరంజీవికి ఆశీస్సులు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం), వాటిమీద బైపోలారో (మనసు ఉప్పొంగడం, కుంగిపోవడం మారిమారి వచ్చే జబ్బు) ఓసీడీయో (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యడం) తీవ్రమైన ఆందోళనో కలిసి ఉన్న మనిషి బాగోగులు ఇప్పుడు నీ చేతికి వచ్చాయి. ఫైలు దళసరిగా ఉంటుంది. అంతా చదువు, కానీ కేర్ ప్లాను, అంటే ఈ మనిషిని రోజూ ఎలా చూసుకోవాలో రాసే కాగితం, మాత్రం ఫైల్లోంచి ఎత్తి రాయకు. జబ్బుల పేర్లు మందుల విషయంలో, ప్రమాదాల విషయంలో పనికొస్తాయి. పొద్దున లేవగానే మాట్లాడిస్తే ఈ మనిషి తట్టుకోగలరా, చొక్కా మెడ దగ్గర లేబులు కత్తిరించాలా, గదిలోకి వచ్చేముందు తలుపు ఎన్నిసార్లు తట్టాలి అనేవి ఆ పేర్లలో ఉండవు. రోజు గడిచేది మాత్రం వాటిమీదే. పైగా పాత ఫైళ్లలో పేర్లే పూర్తిగా ఉండకపోవచ్చు. డాక్టర్లు మానసిక జబ్బులకు పేరు పెట్టడానికి చూసే అమెరికా పుస్తకం డీఎస్ఎం. 2013లో దాని అయిదో కూర్పు డీఎస్ఎం-5 వచ్చేదాకా ఆ పుస్తకం ప్రకారం ఆటిజం ఉన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ అని కూడా రాయడానికి వీలుండేది కాదు. అంతకుముందు పరీక్షలు జరిగిన పెద్దవాళ్లలో రెండోది ఎవరూ చూడకుండానే మిగిలిపోయి ఉండొచ్చు.

మొదటి రెండు వారాలు గమనించడానికే పెట్టుకో. ప్రమాదకరమైనది ఉంటే తప్ప ఏదీ మార్చకు. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకో: టైము, అంతకుముందు ఏం జరిగింది, మనిషి ఏం చేశారు, తర్వాత ఏం జరిగింది. ‘అంతకుముందు’ అంటే అయిదు నిమిషాలే కాదు, రాత్రి నిద్ర, పొద్దుటి తిండి, నిన్న తప్పిపోయిన పని కూడా. ‘కోపంగా ఉన్నాడు’, ‘సహకరించలేదు’, ‘మనం పట్టించుకోవాలని చేశాడు’ అని రాయకు. అవి నీ అభిప్రాయాలు. ఇలా రాయి: ‘4:10కి పక్కగదిలో డ్రిల్లింగ్ మొదలైంది. 4:12కి చెవులు మూసుకుని ఊగాడు. 4:20కి స్నానానికి రమ్మన్నాం. చెయ్యి కొరుక్కున్నాడు. స్నానం వాయిదా వేశాం. 4:45కి నెమ్మదించాడు.’ ఈ ఆరు వాక్యాలు చదివితే కొత్తవాళ్లకైనా అర్థమవుతుంది, గొడవ స్నానంతో కాదని, అప్పటికే చప్పుడు మోస్తున్న మనిషి నెత్తిన ఇంకో పని పెట్టామని. ఏ గొడవా లేని గంటలు కూడా రాసి పెట్టు. ఏది పనిచేస్తోందో చెప్పేవి అవే, కానీ వాటిని దాదాపు ఎవరూ రాయరు.

ప్రవర్తన ఒక్కసారిగా మారితే మనసు సంగతి తర్వాత, ముందు ఒళ్లు చూడు. ఇది అన్నిటికంటే గట్టిగా చెప్తున్నాను. మలబద్ధకం, పంటినొప్పి, చెవిపోటు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి నొప్పి, గుర్తించని ఫిట్స్, నిద్రలో ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏదైనా తలబాదుకోవడంగానో తిండి మానేయడంగానో బయటపడొచ్చు. చాలామంది ఆటిజం ఉన్నవాళ్లకు ఆకలి, దాహం, నొప్పి లాంటి లోపలి సంకేతాలు సరిగా అందవు, లేదా ఎక్కడ ఎలా ఉందో చెప్పే మాట దొరకదు. ‘నొప్పిగా ఉందా?’ అంటే ‘లేదు’ అంటారు. శరీరం బొమ్మ గీసి వేలు పెట్టి చూపించమను, లేదా మామూలుగా చేసే ఏ పని ఈ మధ్య మానేశారో చూడు. డాక్టరు ‘అది ఆటిజంలో భాగమే’ అని తేల్చేస్తే, ‘రెండు వారాల క్రితం ఇలా లేదు, ఇవిగో తేదీలు’ అని నోటుపుస్తకం ముందుపెట్టు. ఉన్న పేరు చూసి కొత్త జబ్బును వదిలేయడం ఈ రంగంలో పాత తప్పు, ప్రాణాలు తీసే తప్పు కూడా.

ఒంటి సంగతిలోనే ఇంకో రెండు ఉన్నాయి. యాంటీసైకోటిక్ మందు (భ్రమలకు, తీవ్రమైన అలజడికి ఇచ్చే మందు) మొదలుపెట్టాకో, డోసు పెంచాకో మనిషి కూర్చోలేక, నిలబడలేక అటూ ఇటూ తిరుగుతుంటే అది అకథీసియా కావచ్చు. దాన్ని అలజడి అనుకుని అదే మందు ఇంకా పెంచితే బాధ రెట్టింపవుతుంది. రెండోది కాటటోనియా. నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోవడం, ముద్ద చేతిలోనే ఉండిపోవడం, తాకితే తప్ప పని మొదలుపెట్టలేకపోవడం. చూసేవాళ్లు బద్ధకమనో డిప్రెషననో అనుకుంటారు. ఇవి కనిపిస్తే మామూలు అపాయింట్‌మెంటు దాకా ఆగకు, ఫోన్లో వీడియో తీసి సైకియాట్రిస్టుకు వెంటనే చూపించు. వీడియోకు ముందు ఆ మనిషిని అడుగు. అడిగే పరిస్థితి లేకపోతే, డాక్టరుకు తప్ప ఎవరికీ చేరనివ్వకు.

మాట్లాడే తీరు సంగతి. ఒకసారికి ఒకే ప్రశ్న. అడిగాక మనసులో పది లెక్కపెట్టు. మధ్యలో అదే ప్రశ్న మాటలు మార్చి అడిగితే వాళ్లు మళ్లీ మొదటినుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. ‘ఎలా ఉన్నావు?’ కంటే ‘రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది?’ నయం. ఉన్నమాటను ఉన్నట్టే తీసుకుంటారని మరిచిపోకు. ‘గొంతులు వినిపిస్తున్నాయా?’ అని డాక్టరు అడిగితే, గదిలో వినిపిస్తున్న గొంతుల గురించి అనుకుని ‘అవును’ అనేవాళ్లున్నారు. ఆ ఒక్క జవాబు ఫైల్లో సైకోసిస్‌గా, అంటే లేనివి వినిపించే, కనిపించే జబ్బుగా, మారిపోవచ్చు. ‘ఎవరూ లేనప్పుడు కూడా వినిపిస్తాయా? ఏం అంటాయి?’ అని విడదీసి అడిగించు. మాటలు ఉన్నవాళ్లకు కూడా ఒత్తిడిలో మాట పోతుంది. అందుకని రాసి చూపించే కార్డులు, బొమ్మలు, లేదా ఫోన్లో టైపు చేసే ఏర్పాటు బాగున్న రోజుల్లోనే అలవాటు చెయ్యి.

ఇంద్రియాల లెక్క ఒక్కొక్కటిగా తీసుకో: చప్పుడు, వెలుతురు, వాసన, స్పర్శ, రుచి, కదలిక. ప్రతిదానికీ రెండు వైపులా చూడు. చప్పుడుకు హడలిపోయే మనిషే గట్టి ఒత్తిడి కోసం గోడకు ఒరుసుకోవచ్చు. మిణుకుమనే లైటు, ఫ్యాను కిరకిర, నువ్వు పూసుకున్న సెంటు, ఇలాంటివి తీసేస్తే చాలు, మందులు తగ్గించలేని అలజడి కొన్నిసార్లు తగ్గిపోతుంది. బరువు దుప్పటి (ఒంటిమీద ఒత్తిడి కోసం లోపల బరువు నింపిన దుప్పటి) వాడాలనుకుంటే ముందు ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు, ఇంద్రియాల ఇబ్బందులు చూసే నిపుణుణ్ణి, అడుగు. తనంతట తాను తోసేయలేని మనిషి మీద అది వెయ్యకూడదు. చెవులకు హెడ్‌ఫోన్లు మంచివే, కానీ రోజంతా పెట్టుకుంటే చప్పుళ్లు ఇంకా దుర్భరమయ్యే అవకాశం ఉంది. చప్పుడున్న చోట్లకే ఉంచు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ కలిసినప్పుడు ఒకటి మార్పు వద్దంటుంది, ఇంకొకటి కొత్తది కావాలంటుంది. రోజుకు చట్రం కదలకుండా ఉంచి, లోపలి సరుకు మార్చు. 5 గంటలకు నడక ఎప్పుడూ ఉంటుంది, ఏ దారిన అన్నది ఆ మనిషే ఎంచుకుంటారు. ‘ఇప్పుడు ఇది, తర్వాత ఇది’ అని రెండు గడుల బోర్డు చాలామందికి సరిపోతుంది. రోజంతా రాసిన పొడవాటి పట్టిక కొందరిని భయపెడుతుంది. పని మారడానికి 10 నిమిషాల ముందు ఒకసారి, 2 నిమిషాల ముందు ఇంకోసారి చెప్పు. కొత్త మనిషి డ్యూటీకి వస్తుంటే ముందురోజే ఫొటో చూపించు.

మెల్ట్‌డౌన్ అంటే మొండితనం కాదు, మోయగలిగినదానికి మించి మీద పడినప్పుడు అదుపు తప్పడం. బతిమాలడం, బెదిరించడం, బేరం పెట్టడం ఏదీ అప్పుడు లోపలికి వెళ్లదు. మాటలు తగ్గించు, లైటు తగ్గించు, మిగతావాళ్లను బయటికి పంపు, ఒక్కరే ఉండండి, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, చెయ్యి చాచినా తగలనంత దూరంలో. తలుపుకు అడ్డంగా నిలబడకు. తల కొట్టుకుంటుంటే మెత్తటిది మధ్యలో పెట్టు. బోర్లా పడుకోబెట్టి నొక్కిపట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. తగ్గాక ‘ఎందుకలా చేశావు?’ అని ఆ పూట అడగకు. తేరుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. షట్‌డౌన్‌లోకి వెళ్లేవాళ్లు ఇదంతా నిశ్శబ్దంగా పడతారు. మాట ఆగిపోతుంది, కళ్లు ఒకచోట నిలిచిపోతాయి. గొడవ లేదు కాబట్టి బాగానే ఉన్నారని రాసేస్తారు. వాళ్లకూ ఇదే సంరక్షణ కావాలి.

ఆత్మహత్య ఆలోచనల గురించి ఉన్నదున్నట్టు అడుగు. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఈ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. ముఖంలో బాధ కనిపించకపోయినా, వాతావరణం సంగతి చెప్పినంత మామూలు గొంతుతో చెప్పినా, చెప్పిన మాటనే నమ్ము. ఆలోచన ఉందంటే ఎలా, ఎప్పుడు అని కూడా అడుగు, అందుబాటులో ఉన్న సాధనాన్ని తీసేయించు, ఒంటరిగా వదలకుండా డాక్టరుకు చెప్పు.

మందుల్లో నీ పని డోసు నిర్ణయించడం కాదు, సరైన సమాచారం అందించడం. ఒకసారికి ఒక మార్పే చెయ్యమని అడుగు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో ఎవరూ చెప్పలేరు. యాంటీసైకోటిక్ మందులైన రిస్పెరిడోన్‌కు 2006లో, అరిపిప్రజోల్‌కు 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకు తగ్గించడానికి. ఆటిజానికి మందులు కావవి. దేనికోసం మొదలుపెట్టారు, ఏది ఎంత తగ్గితే పనిచేసినట్టు, ఎప్పుడు తిరిగి చూస్తారు అన్న మూడూ మొదటిరోజే రాయించుకో. యాంటీసైకోటిక్ మొదలైతే మొదటి ఆరు వారాలు వారానికోసారి, ఆ తర్వాత 12వ వారంలో బరువు చూడు. షుగరు, కొవ్వు పరీక్షలు కూడా 12వ వారంలో, తర్వాత ఏటా. క్లోజపిన్ అనే యాంటీసైకోటిక్ వాడేవాళ్లకు విరేచనం ఆగడం ప్రమాదం, రోజూ రాసిపెట్టు. వాళ్లు సిగరెట్ ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది, వెంటనే డాక్టరుకు తెలియాలి. ‘అవసరమైతే ఇవ్వండి’ అని రాసిన మందుకు ఏ గుర్తులు కనిపిస్తే ఇవ్వాలి, ముందు ఏమేం ప్రయత్నించాలి, రెండు డోసుల మధ్య ఎంత వ్యవధి, 24 గంటల్లో ఎంతకు మించకూడదు అన్నవి లేకపోతే, ఆ కాగితాన్ని తిప్పి పంపు. అవి లేనిచోట ఆ మందు డ్యూటీలో ఉన్నవాళ్ల అలసట తీర్చడానికే ఖర్చయిపోతుంది.

ఇక ప్లాను. మొదటి పేజీ ఆ మనిషి మాటల్లోనే ఉండాలి: నాకేది ముఖ్యం, నేను అలసిపోతున్నానని ఎలా తెలుస్తుంది, అప్పుడేం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. మాటలు లేనివాళ్లయితే ఎంపికలు చూపించి, ఎటు మొగ్గారో రాయి. ప్రతి మాటా ఇంకొకరు అమలు చెయ్యగలిగేలా ఉండాలి. ‘ప్రశాంత వాతావరణం కల్పించాలి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘పెద్ద లైటు ఆపి బల్ల దీపం వెయ్యాలి, 20 నిమిషాలు ఏమీ అడగొద్దు’ అంటే తెలుస్తుంది. మొదట నాలుగు వారాలకు, తర్వాత మూడు నెలలకోసారి తిరగరాయి. ఆసుపత్రిలో చేరినా, మందు మారినా, అలవాటైన మనిషి వెళ్లిపోయినా గడువు దాకా ఆగకు.

నాలుగు నెలలు బాగా గడిచాక ఎవరో ఒకరు అంటారు, ‘ఇప్పుడు బాగున్నారుగా, ఈ ఏర్పాట్లన్నీ ఎందుకు, తీసేద్దాం’ అని. బాగున్నది ఆ ఏర్పాట్ల వల్లే. కళ్లజోడు పెట్టుకుని బాగా చదువుతున్నారని కళ్లజోడు లాక్కోం కదా. తగ్గించాలని ఆ మనిషే కోరుకుంటే ఒకసారికి ఒకటి, రెండు మూడు వారాలు గమనిస్తూ, వెనక్కి తెచ్చుకునే వీలుతో తగ్గించు. బయట చక్కగా ఉండి, ఇంటికొచ్చాక కుప్పకూలేవాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడు. వాళ్లు రోజంతా తమ తీరును దాచుకుని నెట్టుకొస్తున్నారు. బయట ఎలా ఉన్నారన్నదాన్ని బట్టి వాళ్ల సాయం కొలవకూడదు.

అంతా ఒక్కరి చేతిమీదే నడవనివ్వకు. ఎంత ఇష్టమైనవాళ్లయినా ఒకరోజు జబ్బుపడతారు. కనీసం ముగ్గురికి ఈ ప్లాను చేసి చూపించి అలవాటు చెయ్యి. మొదటి పేజీ రాయగానే, ఆ మనిషిని ఎప్పుడూ చూడని, రాత్రి షిఫ్టులో కొత్తగా చేరినవాళ్లకిచ్చి చదివించు. వాళ్లు ఏ ప్రశ్న అడిగితే ఆ జవాబు ప్లానులో లేనట్టే. అది చేర్చాకే సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ